పొటాషియం తగ్గించిన తోటకూర

అక్కకు రెండు కిడ్నీలూ పాడయ్యాక డాక్టరమ్మ రాసిచ్చిన పథ్యంలో మొదటి మాటే ఆకుకూరలు వద్దని. వాటిలో పొటాషియం ఎక్కువట, రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చట. అక్కకు ఆకుకూర, ఇక్కడి తమిళంలో కీరై, లేకపోతే అన్నం దిగదు. బాగా ఉడికించి నీళ్ళు వంపేసి కొంచెం తినొచ్చని ఆవిడే చెబితే, ఒక రోజు అలాగే చేసి పెట్టాను. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరిపింది.

"తడిగుడ్డ నమిలినట్టు ఉండాదిరా తమ్ముడా. ఇది కీరై కాదు. వద్దులే."

నేను తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. పెళ్ళి చేసుకోలేదు. బావ పోయినప్పటి నుంచీ అక్క నా దగ్గరే ఉండేది. మట్టి లేకుండా నీళ్ళలో ఆకుకూర పెంచి, కోతకు ముందు పది రోజులు పొటాషియం ఎరువు ఆపేస్తే ఆకులో అది తగ్గుతుందని ఎక్కడో చదివాను. నా చేతనయ్యే పనే అనిపించింది.

మేడ మీద రేకుల గదిలో ప్లాస్టిక్ గొట్టాలకు రంధ్రాలు కోసి, చిన్న మోటారుతో ఎరువు నీళ్ళు తిరిగేలా పెట్టి, తోటకూర వేశాను. కొండల మీది నుంచి సారల్ అనే సన్నజల్లు పడే నెలలవి. ఎండ చాలక మొక్కలు సన్నగా సాగి వాలిపోయాయి. ఎల్‌ఇడి లైట్లు కట్టి, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు వెలిగేలా టైమర్ పెట్టాను. వారంలో కాడలు గట్టిపడ్డాయి. అక్క మెట్లెక్కలేకపోయేది కాబట్టి ఫోన్లో ఫోటో చూపించాను.

"బాగా వచ్చినాయే! ఎప్పుడు కోస్తావు?"

పొటాషియం ఆపిన నాలుగో రోజుకే ఆకుల అంచులు గోధుమరంగుకు మాడాయి. లైట్ల వల్ల మొక్క తొందరగా పెరగాలని చూస్తుంది, పెరగడానికి కావలసింది నీళ్ళలో లేదు. ఇది నాకు అర్థమయ్యేసరికి మొదటి పంట పోయింది. రెండోసారి లైటు గంటలు తగ్గించాను. మదురైలో ల్యాబుకు పంపిస్తే, తగ్గింది గానీ చాలదని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ దాన్ని చూసి, "ఇంట్లో పెంచేది ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, ప్రాణంతో ఆట వద్దు" అని తమిళంలో మెల్లగానే చెప్పింది. అయినా మళ్ళీ విత్తనాలు వేశాను.

మూడో పంట రిపోర్టు చూసి డాక్టరమ్మ, వారానికోసారి ఒక గుప్పెడు పెట్టవచ్చంది. అప్పటికి అక్క బాగా చిక్కిపోయింది. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు పక్క మీదే ఉండేది, తిన్నది ఇమిడేది కాదు. ఉప్పు తగ్గించి, వెల్లుల్లి దంచి వేసి, నీళ్ళు వంపకుండా వండాను. కూర్చోబెట్టి ఒక ముద్ద నోటికి అందించాను. చాలాసేపు నమిలింది.

"ఎట్లుండాది అక్కా?"

"రుచి తెలియలేదురా. ఏమి తిన్నా నోట్లో ఇనుము పెట్టినట్టే ఉండాది." నా మొహం చూసి ఇంకో ముద్దకు నోరు తెరిచింది. అది మింగలేక తువ్వాలులోకి ఉమ్మేసింది. "నువ్వు ఇంత కష్టపడి చేసినావు. ఈ కీరై ముందే వచ్చి ఉంటే ఆశగా తినిందును."

మిగిలింది నేనే తిన్నాను. మామూలు తోటకూరలాగే ఉంది.

మూడు వారాలకు అక్క పోయింది.

కాగితాల కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, మా తోటకూర సంగతి తెలిసిన డయాలసిస్ గది నర్సు నన్ను ఆపింది. సేత్తూరు నుంచి వచ్చే ఒకామె కీరై కావాలని ఏడుస్తోందట, ఆమెకూ కొంచెం పెంచి ఇవ్వగలరా అని అడిగింది. చూస్తానన్నాను. ఇంటికి వచ్చి మేడ ఎక్కాను. మోటారు ఎప్పుడు ఆగిందో, మొక్కలన్నీ గొట్టాల మీద వాడి వాలిపోయి ఉన్నాయి. బాగుచేయడానికి గంట పని కూడా కాదు. నేను చేయలేదు. ఆ నర్సుకు ఎదురుపడాల్సి వస్తుందని ఇప్పటికీ ఆ ఆసుపత్రి వీధిన వెళ్ళను.