గాజుల బీబమ్మ పట్టు

కర్రసాము గురించి మక్బూల్ దగ్గర ఒక్క ముక్క ఎత్తితే చాలు, పొద్దుగూకేదాకా వదిలేవాడు కాదు. పీర్ల పండక్కి ఆయన కర్ర తిప్పుతుంటే కారంపూడి అంతా నోరు తెరుచుకుని చూసేది. నేనూ చూశాను, కాదనను. కానీ ఆ అన్నాచెల్లెళ్లలో అసలు ఉస్తాదు ఆయన కాదు, చెల్లెలు జైనాబ్ బీ. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆమె పక్కింట్లో పదేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

జైనాబ్ గాజులమ్మేది. ముప్పై ఏళ్లు నిండకుండానే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తాళ్లకు గుచ్చిన గాజులన్నీ కలిపి కట్టిన మలారాన్ని భుజాన వేసుకుని రోజుకో ఊరు తిరిగేది. వెళ్లిన ప్రతి వాకిట్లోనూ ఆడవాళ్లను నవ్వించి వచ్చేది. సాయంత్రానికి చుట్టుపక్కల కబుర్లన్నీ మోసుకొచ్చి మా అరుగు మీద కుమ్మరించేది. "ఇంట్లో కూచుంటే నా కాళ్లు ఊరుకోవు శేషారత్నం" అనేది నాతో.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి, ఉత్తరాది గాజులు మళ్లీ వస్తున్న ఏడు, ఆమెకు పుల్లయ్య తగులుకున్నాడు. నాగులేటి రేవు పక్కన పొలమున్న ఆసామి కొడుకు వాడు. పనీ పాటా లేదు. చేతిలో కర్ర, మూతి మీద మీసం, అంతే. రేవు దాటే ఆడవాళ్లను ఆపి, "ఏమే, నన్నడక్కుండా ఏడికి పోతన్నావు?" అని దబాయించి, మూటలు లాగి, వాళ్లు బెదిరిపోతే పగలబడి నవ్వేవాడు. ఒకసారి జైనాబ్ మలారాన్ని కర్రతో పొడిచి కింద పడేశాడు. సగం గాజులు ముక్కలయ్యాయి.

మక్బూల్ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పుల్లయ్య మీద కాదు సుమా, చెల్లెలి మీద! ఆసామి కొడుకును కొడితే కోర్టూ కచేరీ అని ఆయన భయం. "ఇంకోసారి ఇట్టా జరిగిందంటే నీ పెట్టే బేడా బండికెత్తి మా ఇంటికి తీసకపోతా. మీ వదిన పక్కన కూచుని రొట్టెలు కాల్చుకో" అని తేల్చేశాడు.

జైనాబ్‌కు అన్న ఇంట్లో తిండికి లోటుండదు. కానీ ఊళ్లు తిరగడం పోతుంది. ఆ తిరుగుడే ఆమె ప్రాణం.

మక్బూల్ మరీ అంత చెడ్డవాడేం కాదు. నాలుగు రోజులు పెరట్లో నిలబెట్టి కర్ర నేర్పబోయాడు. నేను గోడ మీద నుంచి చూస్తున్నాను.

"అడుగు ఎనక్కెయ్యి. భుజం తిప్పు."

"భుజం తిప్పితే మలారం ఏం కావాలి భాయ్?"

"మలారం దించి తిప్పు."

"నేను దించి, సర్ది, కర్ర తీసిందాకా వాడు ఆగుతాడా?"

"అయితే పరిగెత్తు!"

"నేను పరిగెత్తితే గాజులు మిగుల్తయ్యా?"

ఉస్తాదు కర్ర విసిరికొట్టి వెళ్లిపోయాడు. నేను నవ్వాపుకోలేక గోడ దిగాను.

తర్వాత తన ఉపాయాలు తనే వేసుకుంది జైనాబ్. చాకళ్లు బట్టలుతికే వేళ చూసి రేవు దాటేది. ఎవరైనా ఎదురొస్తే ముందు మలారాన్ని మెత్తని ఇసుకలో దించేది, ఆ తర్వాతే మాట. "మన చేతులు రెండూ ఖాళీగా ఉండాల. అంతే" అనేది. అలా పదిహేను రోజులు పుల్లయ్యకు దొరకలేదు.

పదహారో రోజు చాకళ్ల ఇంట పెళ్లి. రేవులో నరపురుగు లేదు. పుల్లయ్య ఉన్నాడు.

ఆమె మలారం దించింది. వాడు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఏమే బీబమ్మా, ఇయ్యాల నీకు ఎవురొస్తారు?"

జైనాబ్ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. లాక్కుంటే వాడి బలం ముందు తన బలమెంత? ఖాళీగా ఉన్న చేత్తో వాడి చేతినే కింద నుంచి పట్టుకుంది. గాజులు తొడిగేవాళ్ల పట్టు అది. బొటనవేలి మొదట్లో నొక్కి, అరచేతిని లోపలికి మడిచేస్తే ఎంత మొండి చెయ్యయినా ముడుచుకుపోవాల్సిందే. పుల్లయ్య "అబ్బా!" అని ఇసుకలో చతికిలబడ్డాడు. కర్ర ఎటో పోయింది.

అక్కడితో వదిలేసి రావచ్చు. కానీ పన్నెండేళ్లుగా ఆమె చేతులకు తెలిసింది ఒకటే పని. మడిచిన చెయ్యి కనబడితే గాజు ఎక్కించకుండా ఉండలేవు. ఒక చేత్తో వాడి బొటనవేలిని బిగబట్టే ఉంది, రెండో చెయ్యి పక్కనున్న మలారంలోకి పోయింది. సర్రున ఒకటి ఎక్కింది. రెండు, మూడు, నాలుగు... వాడు కేకలేస్తున్నాడు, ఈమె "కదలబాక, కదలబాక, అయిపోయింది" అంటూనే ఉంది. డజను పూర్తయ్యాక, దీవెనగా ఊరికే వేసే పదమూడో గాజు కూడా వేసి, "పిల్లాపాపల్తో పచ్చగా ఉండు తల్లీ" అనేసింది!

అప్పుడు ఇద్దరూ ఆ చేతి వంక చూశారు. జైనాబ్ గబుక్కున మలారం ఎత్తుకుని నడిచింది. మలుపు తిరిగాక నవ్వు ఆగక గట్టు మీద కూలబడిందట.

అవి చిన్న కొలత గాజులు. పుల్లయ్య పీకిన కొద్దీ చెయ్యి వాచింది. రాయి పెట్టి కొట్టబోతే వాళ్లమ్మ సరస్వతమ్మ అడ్డం పడింది. "చేతి మీద గాజులు పగలగొడితే కొంపకు అరిష్టంరా!" అని గుండెలు బాదుకుంది. గాజులు తొడుక్కోవడం అవమానమని మగవాళ్ల ఉద్దేశం. మేం ఆ గాజుల చేతుల్తోనే తిరగలి తిప్పుతాం, మోపులు మోస్తాం. అందులో అవమానమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మూడో రోజు, పట్టపగలు, చేతికి తువ్వాలు చుట్టుకుని పుల్లయ్య మా వీధిలోకి వచ్చాడు. రేవులో గొడవ జరిగిందని మాత్రమే విన్న మక్బూల్ అప్పటికే బండి తోలించుకొచ్చి, చెల్లెలి పెట్టె ఎక్కించేశాడు. జైనాబ్ గడప పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా" అన్నాడు పుల్లయ్య. "తియ్యవా?"

మక్బూల్ కర్ర ఎత్తాడు. "ఆగు భాయ్" అని జైనాబ్ తువ్వాలు విప్పింది. వీధంతా గొల్లున నవ్వింది. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"రేవు ఎవురిది నాయనా?"

"అందరిదీ అక్కా."

"నాకు వినపళ్లా."

"అందరిదీ!"

ఆముదం రాసి, అదే పట్టు పట్టి, పదమూడూ తీసింది. ఒక్కటి పగల్లేదు. పుల్లయ్య తల ఎత్తకుండా వెళ్లిపోయాడు.

మక్బూల్ ఎత్తిన కర్ర బండికి ఆనించాడు. దగ్గరికొచ్చి, "ఆ పట్టేంది జైనా? ఇరవై ఏళ్ల నుంచి సాము చేస్తన్నా, చూళ్లేదే" అన్నాడు.

"ఏడ్చే పిల్లలకు గాజులు తొడిగితే వస్తది భాయ్."

"ఏదీ, నాకు పట్టు" అని చెయ్యి చాపాడు. ఆమె పట్టింది. ఊరి ఉస్తాదు బండి చక్రం పక్కన మట్టిలో కూలబడ్డాడు.

కూర్చున్న చోటి నుంచి లేవకుండానే, చెయ్యి నలుపుకుంటూ బండివాడిని పిలిచాడు. "పెట్టె దించి లోపల పెట్టు. రేపు మా చెల్లికి ఊళ్లు తిరిగే పనుంది."

రేవులో బెదరని జైనాబ్ ఆ మాటకు భోరుమని ఏడ్చింది. సంతోషం పట్టలేక నేనూ ఏడ్చాను.