గూడెం ఔనన్నాకే

మార్కాపురంలో లెక్కల మాస్టారుగా రిటైరైన మరుసటి నెలలోనే నాకు గిద్దలూరులో కొత్త కొలువు దొరికింది. ప్రాణుల పెరుగుదల, తగ్గుదలలను గణితంతో పరిశోధించే సంస్థ ఒకటి అక్కడ చిన్న కేంద్రం తెరిచింది. నల్లమలలో తేనెటీగలు తగ్గుతున్నాయా లేదా అన్నది ఆ కేంద్రం తేల్చాలి. చెంచు గూడేలకు వెళ్ళి, ఏ కొండచరియ నుంచి ఎంత తేనె దించారో అడిగి రిజిస్టరులో రాయడం నా పని. నలభై ఏళ్ళుగా డైరీ తప్పని మనిషిని కనుక ఏ గడీ ఖాళీగా వదిలేవాణ్ణి కాదు.

సంస్థను నడిపే డైరెక్టరమ్మ ఒక నియమం పెట్టారు. ఏ ఫలితమైనా పరిశోధన పత్రికకు పంపేముందు గూడెంలో తెలుగులో చదివి వినిపించాలి. వాళ్ళు ఔనంటేనే పంపాలి.

"ముందు లెక్క ఇచ్చినవాళ్ళకు జవాబు చెప్పాలి మాస్టారూ. ఆ తరవాతే లోకానికి" అనేవారు.

సంస్థ పనిని తనిఖీ చేసే సమీక్ష సంఘంలో చాలామందికి ఇది నచ్చలేదు. కంప్యూటరు ముందు తేలే పనికి అడవిలో కేంద్రం దండగ అన్నారు. చివరకు వాళ్ళలో ఒక పెద్దాయనను పరిశీలనకు పంపారు. గిద్దలూరు కేంద్రం ఉండాలా, మూతపడాలా అన్నది ఆయన రిపోర్టు మీదే ఆధారపడి ఉంది. డైరెక్టరమ్మ ఆయనను నేరుగా గూడేనికే తీసుకువచ్చారు.

పందిరి కింద కూర్చుని ఆమె ఫలితం చదివారు. పెద్ద చరియ మీద రెండేళ్ళుగా తేనె లేదు, అక్కడి ఈగలు అంతరించాయి, చుట్టుపక్కల కూడా తగ్గబోతున్నాయి అని.

చింతపండులో గింజలు తీస్తున్న ఒకావిడ నవ్వింది. ఆ చరియ ఎక్కేది ఆమె భర్తే.

"ఈగలు లేవని ఎవరు చెప్పినారమ్మా? తేనెపట్లు నల్లగా యాలాడుతుండాయి. ఎక్కలే, అంతే."

"ఎందుకు ఎక్కలేదు?"

"ఎక్కినోడికి పైనుంచి తాడు పట్టేది మా తమ్ముడు. మొగుడు పడితే ఏడ్చేది అక్క కదా, అందుకని వేరేవాళ్ళ చేతికి ఇయ్యము. ఒక పెండ్లిలో మాటా మాటా వచ్చి బావా బామ్మర్దీ మాట్లాడుకోవడం లే. రెండేండ్లాయె."

ఆమె భర్త తల వంచుకున్నాడు. ఆ రెండేళ్ళకు సున్నాలు పెట్టినవాణ్ణి నేనే. ఫలితమంతా ఆ సున్నాల మీదే నిలబడింది.

పెద్దాయన ఆమెనడిగారు. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"అడిగితే కదా సామీ. తేనె ఎంత అన్నాడు సారు. లేదన్నాము. ఎందుకు లేదని అడగలే. ఆయన రాసుకునే తొందర ఆయనది."

అందరూ నవ్వారు. నేను లేచి, తప్పు నాదేనని చెప్పాను. డైరెక్టరమ్మ చేతిలోని కాగితాలు మడిచి సంచిలో పెట్టారు.

"రాసుకోండి సార్" అన్నారు పెద్దాయనతో. "మా ఫలితం తప్పు. ఈ వ్యాసం పంపడం లేదు."

కేంద్రం పని అయిపోయిందనుకున్నాను. తిరిగి గిద్దలూరు చేరాక రైల్వే గేటు దగ్గర టీ తాగుతూ పెద్దాయన అడిగారు.

"ఈ తప్పు మా కంప్యూటరు గదుల్లో దొరికేదా?"

"దొరికేది కాదు. లెక్క చూడ్డానికి చక్కగా ఉంది" అన్నారామె.

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. గిద్దలూరు కేంద్రం కొనసాగాలి, చదివి వినిపించే నియమం సంస్థ కేంద్రాలన్నిటిలోనూ అమలు కావాలి అని అందులో ఉంది. డైరెక్టరమ్మ దాన్ని నా చేతికిచ్చి రెండుసార్లు చదివించుకున్నారు.

ఆ తరువాత రిజిస్టరులోని ప్రతి సున్నా పట్టుకుని గూడెం గూడెం తిరిగాను. ఈసారి ఎందుకని అడిగాను. ఒకచోట తాడు తెగింది, ఒకచోట మనిషికి జ్వరం, ఒకచోట నిజంగానే ఈగలు లేవు. అన్నీ విడదీసి మళ్ళీ గణితం చేస్తే, ఈగలు తగ్గినది ఒక్క వాగు పక్కనేనని తేలింది.

ఆ ఫలితాన్ని డైరెక్టరమ్మ అదే పందిరి కింద చదివారు. ఆ చింతపండు ఆవిడ పని ఆపి చివరిదాకా వింది.

"ఈసారి సరిగా ఉంది. పంపించుకోండి."

"మరి మీ తమ్ముడు?" అన్నాను.

"ఇంకా అట్లనే ఉండాడు. తాడు పట్టేవాడు లేక ఎక్కలేదని మీరు రాసినారు కదా, ఇప్పుడు లోకమంతా చదువుతాది. సిగ్గుకైనా వస్తాడులే."

మరునాడు పొద్దున్నే డైరెక్టరమ్మ ఆ వ్యాసం పంపారు.