తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నేను పెట్టిన దిష్టి

ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్న శుభకార్యాన్ని ఒకే ఒక్క వాక్యంతో, అదీ తప్పుల్లేని చక్కటి ఇంగ్లిషు వాక్యంతో, మట్టిపాలు చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే చదవండి. ఆ మనిషిని నేనే. ఆ ఊరి పేరు, ఆ బేస్‌బాల్ జట్టు పేరు మాత్రం చెప్పను. మిషిగన్‌లో మేముండే ట్రాయ్‌కి గంటన్నర దూరమని చెబుతాను, చాలు. అంతకు మించి చెబితే వాళ్లు నన్ను గుర్తుపడతారు. అక్కడివాళ్లు గవర్నర్ పేరైనా మరిచిపోతారు గానీ నా మొహం మరిచిపోరు.

అప్పటికి నేను ట్రాయ్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో చేరి ఏడాది కావస్తోంది. మా మేనేజర్ హెరాల్డ్ రిటైరవబోతున్నాడు. ఆయనది ఆ ఊరే. జట్టు చిన్నది. పెద్ద లీగులకు వెళ్లాలనుకునే కుర్రాళ్లు అక్కడ కొన్నాళ్లు జీతానికి ఆడి, చెయ్యి తిరిగాక వెళ్లిపోతారు. అయితేనేం, హెరాల్డ్‌కి ఆ జట్టు ఇలవేల్పు.

ఆయనకి జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలిపోయింది. నో-హిట్టర్ చూడాలి. అంటే ఏమిటో చెబుతాను. బంతి విసిరే పిచ్చర్, ఆట మొదటినుంచి తొమ్మిదో ఇన్నింగ్స్ చివరిదాకా, ఎదుటి జట్టులో ఒక్కడికి కూడా బంతిని సరిగ్గా కొట్టి, పరుగుదారిలో తొలి మజిలీ అయిన మొదటి బేస్ చేరే అవకాశం ఇవ్వకూడదు. మన క్రికెట్‌లో బౌలర్ ఒక్క పరుగూ ఇవ్వకుండా జట్టు మొత్తాన్ని ఇంటికి పంపినట్టు అనుకోండి. అంత అరుదు.

ఆ జట్టు చరిత్రలో, హెరాల్డ్ ఎరిగి, అలాంటిది మూడుసార్లు జరిగింది. మొదటిసారి ఆయన పెళ్లిపీటల మీద, అంటే చర్చిలో, ఉన్నాడు. రెండోసారి కూతురు పుట్టింది. మూడోసారి స్టేడియంలోనే ఉన్నాడు గానీ, అయిదో ఇన్నింగ్స్‌లో పన్నుపోటు తట్టుకోలేక డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. "ఆ పన్ను పీకించేశాను, మూర్తీ. కానీ నొప్పి ఇంకా ఉంది," అనేవాడు, గుండె మీద చెయ్యి వేసుకుని.

అలాంటి హెరాల్డ్, రిటైరయ్యే ముందు ఆదివారం, నన్నూ మా ఆఫీసులోనే పనిచేసే నల్గొండ సుధాకర్‌నీ ఆటకి తీసుకెళ్తానన్నాడు. నా సంగతి మీకు తెలీదు. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే వాళ్ల ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు కనుక్కుని మరీ వెళ్లే రకం. లైబ్రరీకి వెళ్లి ఆ జట్టు చరిత్ర పుస్తకం తెచ్చి, ఇంటర్ పరీక్షకి కెమిస్ట్రీ చదివినట్టు బట్టీ పట్టాను. స్టేడియం ఎప్పుడు కాలిపోయింది, మళ్లీ ఎవరు కట్టించారు, ఏ పిచ్చర్ ఎడమచేతివాటం, అన్నీ. కారులో గంటన్నర పాటు ఏకధాటిగా అప్పజెప్పాను.

"నాకంటే నీకే ఎక్కువ తెలుసు," అన్నాడు హెరాల్డ్.

వెనక సీట్లో సుధాకర్ తెలుగులో గొణిగాడు. "అన్నా, నీ ఇంక్రిమెంటు ఖాయం. ఇగ జర ఊపిరి తీస్కో."

నేను ఉబ్బిపోయాను. పుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఏం మాట్లాడాలో ఉంది. ఏం మాట్లాడకూడదో మాత్రం ఎవరూ రాయలేదు.

ఆట మొదలైంది. మా పిచ్చర్ మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు. వాడు విసురుతున్నాడు, వాళ్లు గాలిని కొడుతున్నారు. మూడో ఇన్నింగ్స్ దాకా జనం అరుపులు, కేకలు. ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి స్టేడియం పరీక్ష హాలులా అయిపోయింది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. హెరాల్డ్ కాలు మీద కాలు వేసుకున్నవాడు వేసుకున్నట్టే ఉన్నాడు. కాలు తిమ్మిరెక్కి మొహం ఎర్రబడుతున్నా తియ్యడు. ఆ నిశ్శబ్దంలో నేను ఇంటినుంచి తెచ్చుకున్న జంతిక కొరికితే, ముందు వరుసలోవాళ్లు ఎక్కడో గోడ కూలిందనుకుని వెనక్కి తిరిగారు.

"ఏమైంది వీళ్లకి? మన జట్టే కదా గెలుస్తోంది?" అని సుధాకర్‌ని అడిగాను.

"అన్నా, సప్పుడు జెయ్యకు."

"ఎందుకు? ఇప్పటిదాకా వాళ్లకి ఒక్క హిట్ కూడా..."

సుధాకర్ నా నోరు మూశాడు. "అది అనొద్దు!"

"ఏది అనకూడదు?"

"అదే, అనొద్దన్నది."

"ఏది అనకూడదో చెబితే కదా అనకుండా ఉండేది?"

"చెప్తే అన్నట్టే గదనే! ఇంటికి పొయ్యినంక చెప్తా. గప్‌చుప్ కూసో."

ఇది తర్కమేనా, మీరే చెప్పండి. నేను ఇంజనీర్ని. కారణం చెప్పని సూచన పాటించడం మా వృత్తిలో లేదు. పైగా నాకు వేరే అనుమానం వచ్చింది. పాపం, వీళ్లెవరూ లెక్క చూసుకోవడం లేదేమో! ముసలాయన జీవితకాలపు కోరిక కళ్లముందే తీరుతుంటే ఆయనకే తెలియడం లేదేమో! చెప్పాల్సిన బాధ్యత, ఈ జట్టు చరిత్ర ఆమూలాగ్రం చదివిన నాకు లేదూ?

తొమ్మిదో ఇన్నింగ్స్. ఇన్నింగ్స్‌కి ముగ్గురు అవుటవ్వాలి, ఇద్దరు అయ్యారు. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోయినట్టే. స్టేడియంలో ఈగ వాలితే వినపడేలా ఉంది. నేను లేచి నిలబడ్డాను. సుధాకర్ నా చొక్కా పట్టుకు లాగాడు. చొక్కా సాగింది గానీ నేను ఆగలేదు.

"హెరాల్డ్! అభినందనలు! ఈ జట్టు చరిత్రలో మీరు కళ్లారా చూస్తున్న మొట్టమొదటి నో-హిట్టర్ ఇది!"

నాది చిన్నప్పటినుంచీ పెద్ద గొంతు. పిచ్చర్ దాకా వినపడింది. వాడు తల తిప్పి నావైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. పెళ్లిమంటపంలో ఎవరో "ఈ పెళ్లి ఆపండి" అంటే పెళ్లికొడుకు చూసినట్టు చూశాడు. తర్వాత బంతి విసిరాడు.

ఆ బ్యాటర్ కూడా పెద్ద వీరుడేం కాదు. బ్యాటు విరిగింది. బంతి జడిసిన ఎలుకలా నేలమీద పాకింది. ముగ్గురు ఆటగాళ్లు దానికోసం పరిగెత్తి, నువ్వంటే నువ్వని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది వాళ్ల మధ్యకొచ్చి ఆగి, హాయిగా పడుకుంది. బ్యాటర్ మొదటి బేస్ చేరాడు. అయిపోయింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి పుణ్యమా అని ఊరంతా నాకేసి తిరిగింది. ఆ తర్వాతి బంతికే చివరివాడు అవుటై ఆట మనమే గెలిచాం. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. హెరాల్డ్ మెల్లిగా కాలు దించి, "పద, మూర్తీ. ట్రాఫిక్ ఎక్కువవుతుంది," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి సుభద్రకి చెప్పాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"చంటిపిల్లాడు బొద్దుగా ఉన్నాడని పైకంటే మీ అమ్మగారు ఊరుకుంటారా? నిక్షేపంలాంటి కుర్రాడికి దిష్టి పెట్టొచ్చారు!"

"అమెరికా వాళ్లకి దిష్టేమిటే? సైన్సు చదువుకున్నవాళ్లు."

"దిష్టికి వీసా కావాలా ఏమిటి?"

సుభద్ర వంటింట్లోకి నడిచింది. స్టేడియంలో పంచిన కాగితం మీద ఆ పిచ్చర్ ఫోటో ఉంటే, దాని చుట్టూ ఉప్పు, ఎండుమిరపకాయలు ముమ్మారు తిప్పి స్టవ్ మీద వేసింది. స్మోక్ అలారం మోగి, అపార్ట్‌మెంట్ మొత్తం కిందకి దిగింది. ఒక్క రోజులో రెండు జనసమూహాల శాపాలు మూటగట్టుకున్నాను.

హెరాల్డ్ రిటైరయ్యాడు. ఇక ఈ జన్మలో నన్ను పిలవడనుకున్నాను. మరుసటి వేసవిలో ఫోన్. "ఆదివారం ఖాళీయేనా?"

వెళ్లాను. ఈసారి పెదవి విప్పితే ఒట్టు. కానీ కథ అడ్డం తిరిగింది. ఈసారి పైఊరి పిచ్చర్ మనవాళ్లని ఆడనివ్వడం లేదు. ఎనిమిది ఇన్నింగ్స్ అయినా మనకి ఒక్క హిట్ లేదు. హెరాల్డ్ మోచేత్తో పొడిచాడు.

"మూర్తీ, ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పమంటారు?"

"పోయినేడు ఏం చెప్పావో అదే."

ముందు వరుసలో ఒకాయన వెనక్కి తిరిగి, "అతనేనా?" అన్నాడు. "అతనే," అన్నాడు హెరాల్డ్, ఇంట్లో ఫిరంగి ఉన్నవాడి దర్జాతో. క్షణంలో గ్యాలరీ అంతా పాకింది. "సార్, ప్లీజ్, ఒక్కసారి!" ఎవరో నిమ్మరసం తెచ్చి గొంతు తడుపుకోమన్నారు. తిట్టించుకున్న నాలుక కూడా ఒక్కోసారి పండుతుంది. లేచి నిలబడ్డాను.

"ఇది నో-హిట్టర్!" అని అరిచాను.

"ఇంకా గట్టిగా!" అన్నారు జనం.

వరుస మార్చి వరుస అరిచాను. పొగిడాను. ఆ పిచ్చర్ భుజాన్ని, వాడి తల్లిదండ్రుల్ని, వాడి భవిష్యత్తుని, అన్నిటినీ మెచ్చుకున్నాను. వాడు చూయింగ్ గమ్ నములుతూ మిగిలిన ముగ్గురినీ చకచకా అవుట్ చేసి టోపీ తీశాడు. నో-హిట్టర్ పూర్తయింది. మన మీద.

జనం నన్ను తినేసేలా చూశారు. ముందు వరుసాయన అడిగాడు: "మన కుర్రాడికి తగిలిన నీ నోరు వాళ్లవాడికి తగల్లేదేం? అసలు నువ్వు ఏ జట్టు మనిషివయ్యా?"

ఆ శోకసముద్రంలో ఒక్కడు మాత్రం లేచి నిలబడి, అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొడుతున్నాడు. హెరాల్డ్. కళ్లవెంట నీళ్లు.

"హెరాల్డ్, మనం ఓడిపోయాం," అన్నాను భయంభయంగా.

"ఓడిపోతే పోయాం. చూశాను కదా!" అన్నాడు. "మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా. మన జట్టే సాధించాలని నేను దేవుణ్ణి ఎప్పుడూ అడగలేదు, మూర్తీ. తెలివితక్కువవాణ్ణి, అడగాల్సింది."

కాబట్టి ఇంటి దేవుడి సాక్షిగా, సుభద్ర సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. జరుగుతున్న ఏ మంచి పనినైనా, అది పూర్తిగా జరిగి, జనం ఇళ్లకి వెళ్లి, లైట్లు ఆర్పేదాకా బాగుందని అనను. ఇది రాస్తున్నంతసేపూ బాగానే వస్తున్నట్టుందని నాకొకసారి అనిపించింది. పైకి మాత్రం అనలేదు.