మునకలాయన చూసిన సొరచేప

ఆ రోజుల్లో డిగ్రీ అంటే మా వైపు జనం వానకన్నా ఎక్కువగా నమ్మేవాళ్లు. వాన రాకపోయినా డిగ్రీ చేసినవాడు ఏదో ఒకటి చెబుతాడు కదా! నేను గుంతకల్లులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం ట్యూటరుగా కొత్తగా చేరాను. ఫార్మలిన్ పీపాలో వచ్చే మూరెడు సొరచేపల్ని ఓ ముప్పై దాకా కోసి ఉంటాను (సముద్రం మాత్రం క్యాలెండరు బొమ్మలో చూశాను). ఆ ముప్పైతో లోకంలోని సొరచేపలన్నీ నా చేతిలో ఉన్నట్టే తిరిగేవాణ్ణి. ఆ పొగరును ఇప్పుడు తలుచుకుంటే ఆనాటి నన్ను పిలిచి రెండు తగిలించాలనిపిస్తుంది.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా చిన్నాయన ఒక ఆదివారం కబురు పెట్టాడు. ఆయన కూతురికి, అంటే మా చెల్లెలికి, గుమ్మఘట్ట వైపు సంబంధం వచ్చింది. అబ్బాయి వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగి ఓడల అడుగు బాగుచేసే డైవరు. మా వాళ్లు అప్పటికే అతనికి మునకలాయన అని పేరు పెట్టేశారు. నేను వెళ్లేసరికి అతను పెళ్లిచూపులకొచ్చి ఉప్మా తింటున్నాడు. చిన్నాయన నన్ను పక్కకు లాగి, "లారీ అంత చేప పక్కనే ఈదినాడంట. నిజమో కతో నువ్వే తేల్చల్ల. కతలు సెప్పేటోనికి నేను పిల్లనియ్యను" అన్నాడు. న్యాయమూర్తి హోదాకు తగ్గట్టు సంచిలోంచి లావుపాటి చేపల పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. (పరీక్షకొచ్చే పేజీలు దాటి దాన్ని ఎన్నడూ తెరవలేదు.)

"నోరు యాడుండాది?" అన్నాను మునకలాయనతో.

"తలకాయకు ఎదురుగ్గా ఉండాది సార్. ఇంత వెడల్పు, వాకిలి మాదిరి."

"సొరచేపకు నోరు కిందుంటాదప్పా! పండ్లు?"

"నాకేం కనపడలే. ఒంటినిండా తెల్ల చుక్కలుండాయి. నన్ను సూసి కూడా దాని దోవన అది పోయింది."

నేను నవ్వాను. ఎంత వెకిలిగానో ఇప్పటికీ గుర్తుంది. "చిన్నాయనా, అంత పెద్దదంటే పులి సొరే. అది ఎదురైనోడు ఈడికొచ్చి ఉప్మా తినడు. ఈయన తింటాండాడు. కాబట్టి సొర అబద్ధం" అని తీర్పు చెప్పేశాను. మునకలాయన ప్లేటు కింద పెట్టి లేచాడు. కోపగించుకోలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చిన్నాయన కూడా భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. సంబంధం తప్పిపోయినట్టే.

అప్పుడు మా చెల్లెలు మగ్గం గుంతలోంచి పైకొచ్చి, బొగ్గుముక్క అతని ముందు పెట్టింది. "పోయేటోనివి ఆ చుక్కలు గీసి పో."

అతను బండల మీద గీశాడు. అడ్డగీతలు, నిలువుగీతలు, గడికో చుక్క. తల దగ్గరికొచ్చేసరికి చుక్కలు సన్నగా, ఒత్తుగా పెట్టాడు.

"ఈడెందుకు సన్నగా పెడితివి?" అంది చెల్లెలు.

"ఆడ సన్నగానే ఉండాయి."

చెల్లెలు తండ్రి వైపు తిరిగింది. "అబద్ధమాడేటోడు అన్నీ ఒకే తీరుగా పెడతాడు నాయనా. ఇది సూసినోడు గీసిందే. అన్నా, ఆ పుస్తకం ఇట్లియ్యి."

అతుక్కుపోయిన పేజీలు విడదీసుకుంటూ తిప్పింది. ఒకచోట ఆగింది. అవే గడులు, అవే చుక్కలు, ముందరే వెడల్పాటి నోరు. కింద ఇంగ్లీషులో ఉన్నది నన్నే చదవమన్నారు. తిమింగల సొర, లోకంలోకెల్లా పెద్ద చేప, నీళ్లలోని సన్న జీవాల్ని వడగట్టుకుని తింటుంది, మనుషుల జోలికి రాదు అని గొణిగాను.

"గట్టిగా సదువప్పా, పక్కింటి మగ్గం మోతలో ఇనపడలే!" అన్నాడు చిన్నాయన. మళ్లీ చదివాను.

"ఊరికే పరీక్ష పెట్టినాలే" అన్నాను చివరికి (సిగ్గులేనితనానికి అంతుండదు). మునకలాయన పుస్తకంలోకి తొంగిచూసి, "బొమ్మలో శానా సిన్నగా ఉండాది సార్" అన్నాడు. చెల్లెలు పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే పెళ్లి ఖాయమైంది.

ఆ మునకలాయన మా బావై ఇన్నేళ్లయింది. మనవళ్లను కూచోబెట్టుకుని ఆ సొర కథ చెప్పినప్పుడల్లా అది ఓ గజం పెరుగుతోంది. మొన్న చెప్పినప్పుడు గూడ్సుబండి అంత అయింది. ఈసారి మాత్రం అది కచ్చితంగా అబద్ధం, నాకు బాగా తెలుసు. సరిదిద్దబోయి నోరు తెరిచాను కూడా. చెల్లెలు నా వైపు చూసింది. "ఆ... గూడ్సుబండి అంతే ఉంటుంది రా" అన్నాను పిల్లలతో.