టీచరు దాటేసే మాట

పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లీషులో మనిషికి జబ్బు ఎలా చేస్తుందో వరసగా చెప్పగలదు. మొదట ‘అండర్ ద వెదర్’, అంటే ఒంట్లో నలతగా ఉందని. తరవాత ‘డౌన్ విత్ ఫీవర్’. ముదిరితే ‘టేకెన్ ఎ టర్న్ ఫర్ ద వర్స్’. అప్పటికీ లొంగకపోతే ‘ఎట్ డెత్స్ డోర్’. మనం కాటికి కాళ్ళు చాపుకున్నాడంటాం, వాళ్ళు మనిషిని తీసుకెళ్ళి చావు గుమ్మంలో నిలబెడతారు. ఆ తరవాత ఏమవుతుందో తెలీదు, ఉన్నట్టుండి మనిషి ‘ఫిట్ యాజ్ ఎ ఫిడిల్’ అయిపోతాడు.

ఇదంతా ఆవిడకు ఎవరూ నేర్పలేదు. మందుల షాపు పైనున్న పొడవాటి గదిని మధ్యలో ఒక కర్టెన్ రెండు చేసింది. యూనిఫారాలు కుట్టగా మిగిలిన గుడ్డ ముక్కలు కలిపి ఆవిడే కుట్టింది ఆ కర్టెన్. ముందు భాగంలో బెంచీలు, నల్లబల్ల, కూతురి క్లాసు. వెనక భాగంలో స్టవ్, రెండు మంచాలు, కిటికీ పక్కన పెద్దమ్మ కుట్టుమిషన్. నర్సు చదువు పూర్తిచేసి, ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కి, పరాయి దేశపు ఆస్పత్రుల్లో చేరాలనుకునే అమ్మాయిలు అక్కడ చదువుకునేవాళ్ళు. కూతురు వాళ్ళకు మాటలు బిగించేది, తల్లి వాళ్ళ యూనిఫారాలు బిగించేది. అమ్మాయిలు ఆవిణ్ణి పెద్దమ్మా అనేవాళ్ళు. కొన్నాళ్ళకు కింద షాపువాడితో సహా అందరికీ ఆవిడ పెద్దమ్మే అయింది.

గోడలకే చెవులుంటే కర్టెన్ సంగతి చెప్పాలా? ఒక్కో బ్యాచ్ వస్తుంది, పోతుంది. అవే పాఠాలు, అవే వేళాకోళాలు. అండర్ ద వెదర్ అంటే ‘అందరం వాతావరణం కిందేగా టీచర్ ఉన్నాం, పైనెవరున్నారు’ అని ఒకత్తి అనడం, అందరూ నవ్వడం. ఫిడేలుకు ఆరోగ్యమేమిటని ఇంకొకత్తి అడిగితే, గుండ్రాయిలా ఉన్నాడని మనం అనమా, గుండ్రాయిని ఏ డాక్టరు పరీక్ష చేశాడని టీచరు ఎదురడగడం. పెద్దమ్మ ఆ నవ్వుల్లో కలిసేది కాదు. రోగాల పాఠం మొదలైతే మాత్రం మిషన్ తొక్కడం ఆపి, చేతి కుట్టు పని తీసుకునేది. అది చప్పుడు చెయ్యదు కదా.

ఆ పాఠం చెప్పడంలో టీచరుది ఒక పద్ధతి. రోగి ఒకడు కళ్ళెదురుగా ఉంటే తప్ప మాటలు నోటికి పట్టవంటుంది. కానీ రోగిగా పడుకోవడానికి ఏ అమ్మాయీ ఒప్పుకోదు. వీడింక దక్కడని నలుగురి చేతా అనిపించుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకని టీచరు బల్ల మీద ఒక బాలీసు పెట్టి దుప్పటి కప్పింది. అమ్మాయిలు దానికి తాతగారని పేరు పెట్టారు. ఒకత్తి తాతగారి తల దగ్గర నిలబడి డాక్టరు, ఒకత్తి నర్సు, ఒకత్తి కళ్ళొత్తుకుంటూ కూతురు. అలా ప్రతి బ్యాచ్‌లోనూ తాతగారికి అదే జబ్బు చేసేది, అలాగే ముదిరేది, అలాగే తగ్గిపోయేది.

క్లాసయ్యాక తాతగారిని సర్దడం పెద్దమ్మ పని. దుప్పటిని ఎప్పుడూ కాళ్ళ వైపు నుంచే తీసేది. తల వైపు నుంచి తియ్యడానికి ఆవిడకు చెయ్యి వచ్చేది కాదు. ఒక్కోసారి బల్ల వైపు వీపు పెట్టి బెంచీలు సర్దుతుంటే వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టుండేది. తిరిగి చూసేది కాదు. పోయిన ఆవిడ భర్త ఏదైనా అడగబోయే ముందు అలాగే గొంతు సవరించుకునేవాడు.

ఆయన కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేసేవాడు. వేళ్ళకెప్పుడూ వార్నిష్ వాసన. జ్వరం వస్తే మాత్ర వేసుకుని షెడ్డుకు పోయే రకం. ఆ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి మంచం పట్టాక గానీ ఆస్పత్రికి రాలేదు. అక్కడ డాక్టరు వేరే దేశంవాడు, ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. అప్పటికి కాలేజీలో చదువుతున్న కూతురే అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది. ఆ సాయంత్రం డాక్టరు వార్డులోంచి బయటికి వచ్చి, పెన్ను మూత పెట్టుకుంటూ ఒక మాట అన్నాడు. అదే మాట పెద్దమ్మ భుజం తట్టి మరోసారి అని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ కూతురి మొహంలోకి చూసింది. కూతురు వెంటనే చెప్పలేదు. నేల చూపులు చూసి, పెదవి తడుపుకుని, అప్పుడు చెప్పింది. గండం గడిచిందట, నువ్వు ఇంటికెళ్ళి కాస్త నడుం వాల్చు, నేనుంటాను అని.

పెద్దమ్మ ఇంటికెళ్ళింది. తెల్లారేసరికి ఆయన లేడు.

ఆ తడబాటే పెద్దమ్మ గుండెలో ముల్లై కూర్చుంది. మంచి మాట చెప్పడానికి అంతసేపెందుకు? నేలకేసి చూడడమెందుకు? డాక్టరు అన్నది వేరే. ఇంక లాభం లేదన్నాడు. తల్లి తట్టుకోలేదని పిల్ల మింగేసింది. తనను అవతలికి పంపేసి ఆఖరి చూపు తనొక్కతే చూసుకుంది. ప్రేమతోనే చేసి ఉండొచ్చు. కానీ ఆయన కళ్ళు చివరికి ఎవరికోసం వెతికి ఉంటాయి?

ఇంటికి నడుస్తూ, కొత్త ఊళ్ళో ఇంటి నంబరు గుర్తుపెట్టుకున్నట్టు, డాక్టరు మాటను ఆవిడ ఆ రోజే బట్టీ పట్టేసింది. మంచి మాటని మురిసిపోతూ బట్టీ పట్టింది. తరవాత అదే మాటను నాలుక కింద దాచుకుని బతికింది. ‘టర్న్‌డ్ ద కార్నర్.’ అడిగితే చెప్పేవాళ్ళకు కరువా? రోజూ ఇంతమంది అమ్మాయిలు వస్తారు, ఎవరిని కదిపినా చెబుతారు. కానీ కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అడగడమంటే కూతుర్ని బోనులో నిలబెట్టడమే. అందుకని అడగలేదు. ఏదో ఒక రోజు కర్టెన్ అవతల నుంచి ఆ మాట దానంతటదే రావాలని కాచుకుంది.

అది రాలేదు. పైగా ‘టర్న్ ఫర్ ద వర్స్’ అన్నది వచ్చింది. జబ్బు ముదిరిందని టీచరు అర్థం చెప్పిన రోజు పెద్దమ్మ వేస్తున్న కుట్టు వంకర పోయింది. డాక్టరు మాటలోనూ ఆ టర్నే ఉంది మరి. ఇంకో అనుమానం కూడా మెల్లగా బలపడింది. తాతగారు చావు గుమ్మం దాకా వెళ్ళి, మర్నాటి పాఠానికి గుండ్రాయి అవుతాడు. మధ్యలో ఏదో ఒక మెట్టును కూతురు కావాలనే దాటేస్తోంది. కుట్టు విప్పి మళ్ళీ కుట్టిన చోటు ఎంత ఇస్త్రీ చేసినా ఆవిడ వేళ్ళకు తెలిసిపోతుంది. ఇదీ అలాంటి చోటే.

ఈసారి బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉంది. నోరు ఊరుకోదు, అందరూ పిడుగు అంటారు. తాతగారు లేచి కూర్చున్న రోజు ఆ పిల్ల ఊరుకోలేదు. నిన్న గుటకలు వేస్తున్న మనిషి ఇవాళ డాన్సు ఎలా చేస్తాడు టీచర్, మధ్యలో ఎవరేం మందు పోశారు అంది. క్లాసంతా గొల్లుమంది. టీచరు నవ్వలేదు. పరీక్షకు ఇంతే చాలు అంది. చాలదని, తన దగ్గరున్న పుస్తకంలో ఇంకా ఉన్నాయని పిడుగు అంటే, ఆ పుస్తకం ఇంటి దగ్గర చదువుకో అని నల్లబల్ల తుడిచేసింది. ఆ గొంతులో అంత కరుకు పెద్దమ్మ ఎప్పుడూ వినలేదు.

కొద్దిరోజులకు పరీక్షల ఆఫీసులో పనుండి టీచరు మధ్యాహ్నం క్లాసు అమ్మాయిలకే వదిలి వెళ్ళింది. పిల్లి లేకపోతే ఎలకలకు ఏముంది? తాతగారిని బల్లెక్కించారు. పిడుగు మెడలో పెద్దమ్మ కొలతల టేపు వేసుకుని డాక్టరయింది. మొదటి నుంచీ వరసగా తెచ్చి, చావు గుమ్మం దగ్గర ఆగి, ఇప్పుడు చూడండే, టీచరు చెప్పనిది నేను చెబుతాను అంది. కళ్ళొత్తుకుంటున్న అమ్మాయి భుజం తట్టి, గొంతు బొంగురు చేసి అంది.

“హి హాజ్ టర్న్‌డ్ ద కార్నర్.”

పెద్దమ్మ కర్టెన్ తీసుకుని ఇవతలికి వచ్చింది. చేతిలో ఎవరి యూనిఫారందో సగం కుట్టిన చెయ్యి ఉంది. పెద్దమ్మ అలా క్లాసు మధ్యలోకి రావడం ఎవరూ ఎరగరు. అల్లరి ఎక్కువైందని తిట్టడానికొచ్చిందనుకుని అందరూ నోళ్ళు మూసుకున్నారు.

“ఇప్పుడన్నావే, అదేంటమ్మా?” అంది పెద్దమ్మ.

“ఏది పెద్దమ్మా? తాతగారి గురించా? గండం గడిచిందని.”

“పోతాడని కాదా?”

“అయ్యో, పోయేవాణ్ణి పట్టుకుని అలా ఎవరంటారు?” పిడుగు నవ్వింది. “ఆ మాట అన్నారంటే ఇంక నిశ్చింతగా ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకోవచ్చు.”

“సరిగ్గా చెప్పు. నీకు బాగా తెలుసా?”

పిల్ల మొహంలో నవ్వు పోయింది. పుస్తకం తెరిచి చూపించింది. పెద్దమ్మ ఆ అక్షరాలు చదవగలిగినట్టే కాసేపు చూసింది. తరవాత కర్టెన్ వెనక్కి వెళ్ళి మిషన్ ముందు కూర్చుంది. అమ్మాయిలు తాతగారిని తామే దించి, దుప్పటి మడతపెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇద్దరూ పొద్దుండగానే అన్నానికి కూర్చున్నారు. ఆఫీసులో ఎంతసేపు నిలబెట్టారో, కుర్చీలో ఉన్నవాడు తల కూడా ఎత్తకుండా ఎలా మాట్లాడాడో టీచరు చెబుతోంది. పెద్దమ్మ ఊఁ కొడుతూ, కొడుతూ ఆపేసింది.

“ఆ డాక్టరు ఆ రోజు గండం గడిచిందనే అన్నాడటగా” అంది.

టీచరు చెయ్యి కంచంలోనే ఆగింది. ఎవరు చెప్పారని అడగలేదు. ఏ డాక్టరని కూడా అడగలేదు.

“అవును. నీకు అదే చెప్పాను కదమ్మా.”

“చెప్పావు. నేనే నమ్మలేదు. పోతాడని అన్నాడనీ, నువ్వు నా దగ్గర దాచావనీ అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ నీ చేతి కూడు తిన్నాను.”

కూతురు కోప్పడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. టీచరు రెండూ చెయ్యలేదు. క్లాసులో కష్టమైన మాటకు అర్థం చెప్పేటప్పుడు తీసుకునేంత నెమ్మదితో మొదలుపెట్టింది.

“నాకు ఆ మాట అప్పుడు తెలీదమ్మా. టర్న్ తెలుసు, కార్నర్ తెలుసు, రెండూ కలిపితే ఏమవుతుందో తెలీదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. కాలేజీ పిల్లను కదా. డాక్టరు మొహం నవ్వుతూ ఉంది, మంచి మాటే అయ్యుంటుందని గుడ్డిగా చెప్పేశాను. నువ్వలా మెట్లు దిగావో లేదో నాకు భయం పట్టుకుంది. అంతా అయిపోయాక లైబ్రరీకి వెళ్ళి వెతికాను.”

“వెతికితే?”

“సరిగ్గానే చెప్పాను.” టీచరు అన్నం మెతుకుల్ని కంచం అంచుకు నెట్టింది. “తప్పయి ఉంటే బాగుండుననుకున్నాను. నా ఇంగ్లీషు వల్లే నువ్వు నాన్న దగ్గర లేవని ఏడ్చుకుందునే. ఏడవడానికైనా ఒక కారణం ఉండేది. డాక్టరూ తప్పు చెప్పలేదు, నేనూ తప్పు చెప్పలేదు. గండం గడిచింది. నాన్న చచ్చిపోయాడు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకు ఏమని అర్థం చెప్పను?”

కింద మందుల షాపు షట్టరు సగం దించిన చప్పుడు వినిపించింది.

“అమ్మా” అంది టీచరు. “నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి నువ్వేం చేశావు?”

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చూడవచ్చినవాళ్ళు ఆయన ఎలా పోయాడని అడిగారు గానీ, ఆవిడ ఏం చేస్తోందని ఎవరడిగారు?

“అన్నం వండుకున్నాను” అంది పెద్దమ్మ. “చాలా రోజులకు ఆకలేసింది. కడుపునిండా తిన్నాను. తలుపేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టింది.”

టీచరు తలూపింది.

“అలా ఇలా కాదే. ఒళ్ళు తెలియని నిద్ర. మీ నాన్న జబ్బున పడ్డాక ఎప్పుడూ పట్టనిది. ఆ తరవాతా ఎప్పుడూ పట్టలేదు. నువ్వు మనిషిని పంపిస్తే తలుపు ఎంతసేపు కొట్టాడో. పక్కింటివాళ్ళు లేచారు గానీ నేను లేవలేదు.”

చెబుతూ చెబుతూనే ఆవిడకు అర్థమైంది. ఆ నిద్రను తను ఇన్నేళ్ళూ కూతురి అబద్ధం కింద పెట్టి మూత వేసింది. అబద్ధం చెప్పారు కాబట్టి నిద్రపోయాను, లేకపోతే పోయేదాన్నా? ఇప్పుడు మూత లేదు. అక్కడ ఆయన గుటకలు వేస్తుంటే ఇక్కడ హాయిగా ముసుగు తన్నిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆవిడేం చేసింది, పాపం? మంచి మాట విని నిద్రపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. పై అంతస్తులో ఉండే ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళే. రోజూ వచ్చేదే, ఏనాడూ తలెత్తి చూసింది లేదు. ఇవాళ మాత్రం తల్లీ కూతుళ్ళిద్దరూ తలుపు వైపు చూశారు. అడుగులు వాళ్ళ గుమ్మం ముందుకొచ్చి, ఊపిరి తీసుకోవడానికి కాబోలు, కాసేపు ఆగాయి. అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

టీచరు తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరి వేళ్ళకూ అన్నం అంటుకునే ఉంది. అడుగులు మళ్ళీ కదిలి పైకి వెళ్ళిపోయాయి. వెళ్ళిపోయాక కూడా చాలాసేపు ఇద్దరిలో ఎవరూ తలుపు మీంచి చూపు తిప్పలేదు.