భుజం తట్టిన రోజు

వెర్నా ఊళ్ళో ఒరెస్ట్ మెల్నిచుక్ అంటే బుద్ధిమంతుడని పేరు. పన్నెండో తరగతిలో మొదటివాడు. ఆదివారం చర్చిలో కొవ్వొత్తులు వెలిగించేవాడు. మంచు మీద హాకీ ఆడడానికి వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళకు ఊరివాళ్ళే తమ ఇళ్ళలో చోటిచ్చి తిండి పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఒరెస్ట్ ఉండే వెల్మా గారింట్లో తిన్న పళ్ళెం తానే కడిగేవాడు, వాకిట్లో మంచు చెప్పకుండానే ఎత్తిపోసేవాడు. శనివారం వచ్చిందంటే మాత్రం రింకు అనే మంచు మైదానంలోకి దిగి మనుషుల పళ్ళు రాలగొట్టేవాడు. ఊరికి ఇందులో తప్పేమీ కనిపించేది కాదు. ఒరెస్ట్‌కూ కనిపించేది కాదు. మాస్టారు లెక్క ఇస్తే చేశాడు, కోచ్ మనిషిని చూపిస్తే కొట్టాడు. రెండింటిలోనూ నూటికి నూరు తెచ్చుకున్నాడు. ఎందుకని అడగాలన్న ఆలోచనే ఆ తెలివైన బుర్రకు రాలేదు.

కోచ్ హాస్కెట్ "వెళ్ళి కొట్టు" అని ఏనాడూ అనలేదు. అంటే రేపు ఎవరైనా నిలదీస్తారు కదా. బెంచీ వెనకాల అటూ ఇటూ తిరుగుతూ భుజం మీద ఒక్కసారి తట్టేవాడు, అంతే. ఆ తట్టుకు అర్థం రింకులో అందరికీ తెలుసు. ఒరెస్ట్ లేచి వెళ్ళి ఎదుటివాడితో "రా" అనేవాడు. ఇద్దరూ చేతి గ్లవ్స్ కింద పారేసి, ఒకరి జెర్సీ ఒకరు పట్టుకుని గుద్దుకునేవారు. పడ్డవాణ్ణి కొట్టకూడదు, గ్లవ్స్ తీయనివాణ్ణి కొట్టకూడదు. మూతులు పగలగొట్టుకోవడంలో కూడా మర్యాద పాటించే జనం వాళ్ళు.

ఆ శనివారం కోల్డ్ స్ప్రూస్ జట్టుతో ఆట. వాళ్ళలో రెమీ బుషే అని సన్నటి కుర్రాడు ఉన్నాడు. ఎవరి జోలికీ పోడు, ఎవరికీ దొరకడు. అప్పటికే రెండు గోల్స్ కొట్టి నవ్వుకుంటూ వెనక్కి పోతున్నాడు. సరిగ్గా అప్పుడే కోచ్ చెయ్యి ఒరెస్ట్ భుజం మీద పడింది.

"పంతులూ, పిలుపొచ్చింది. వెళ్ళి పాఠం చెప్పు," అన్నాడు పక్కన కూర్చున్న కెప్టెన్ టానర్. చదువుకుంటాడని జట్టులో అందరూ ఒరెస్ట్‌ను పంతులనే పిలిచేవారు.

రెమీనా, వాడు కొట్లాడేవాడు కాదే, అని ఒరెస్ట్‌కు ఒక్క క్షణం అనిపించింది. కోచ్‌కు తెలియదా అనుకుని లేచాడు.

"రా," అన్నాడు రెమీ ఎదురుగా ఆగి.

"నేనా? నీకేమన్నా పిచ్చా? పోయి నీ సైజువాడితో పెట్టుకో," అన్నాడు రెమీ. గ్లవ్స్ తీయలేదు. నవ్వుతూనే ఉన్నాడు.

ఒరెస్ట్ వాడి జెర్సీ గుంజి మూతి మీద గుద్దాడు. హెల్మెట్ ఊడి దొర్లిపోయింది. రెండో గుద్దు ముక్కు మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు పిడికిలికి తెలిసింది. రెమీ గ్లవ్స్ తొడిగిన చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని "వద్దురా, వద్దు" అంటున్నాడు. ఒరెస్ట్ ఆ చేతులు పక్కకు లాగి మరీ కొట్టాడు. ఇచ్చిన పని సగంలో వదలడం వాడికి అలవాటు లేదు. కన్ను మీద పడ్డ గుద్దుకు రెమీ కాళ్ళు జారి, తల వెనక్కి మంచును తాకింది. నెత్తురు మంచు మీద పాకుతుంటే రిఫరీలిద్దరూ వచ్చి ఒరెస్ట్ మెడ పట్టి లాగారు. జనం మాత్రం బల్లలు గుద్దుతూ "పంతులు, పంతులు" అని అరుస్తూనే ఉన్నారు.

రిఫరీలు ఆట నుంచి గెంటేశాక ఒరెస్ట్ బట్టలు మార్చుకునే గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. కోచ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం పనిరా అది? వాణ్ణెందుకు కొట్టావు?"

"మీరు తట్టారుగా."

కోచ్ నెమ్మదిగా ఎదురు బెంచీ మీద కూలబడ్డాడు.

"ఓరి నీ... స్కాలర్‌షిప్ పరీక్షలో రాష్ట్రం మొత్తానికి ఫస్టొచ్చావట. మీ హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. శభాష్ అని తట్టానురా."

ఒరెస్ట్ కుళాయి తిప్పి పిడికిళ్ళ మీది నెత్తురు కడగడం మొదలుపెట్టాడు.

"సరే, అయిందేదో అయింది. ఈ తట్టడాల సంగతి బయట ఎవడి దగ్గరా ఎత్తకు," అని కోచ్ మిగిలిన ఆట చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెమీ ఉన్న ఆస్పత్రికి వెళ్తానని వెల్మా గారిని ట్రక్కు అడిగాడు. ఆవిడ దుంపలు నింపిన, కజ్జికాయల్లాంటి పెరోగీలు మరిగే నీళ్ళలో వేస్తూ తల తిప్పకుండా అడిగింది.

"వెళ్ళి ఏం చెబుతావ్ అబ్బాయ్?"

"పొరపాటైందని చెబుతానండీ."

"పొరపాటున సూపులో ఉప్పెక్కువేస్తాం. పొరపాటున ఒకడి కన్ను పొడుస్తామా?" అని ట్రక్కు తాళాలు బల్ల మీద పడేసింది. పెరోగీలు తినమని అనలేదు.

రెమీకి రెండు కళ్ళకూ కట్టు కట్టారు. దెబ్బతిన్న కన్ను కదలకుండా ఉండాలంటే మంచి కన్ను కూడా మూయాలన్నారు. వాడి మామయ్యకు పొలాలకు మందు చల్లే చిన్న విమానం ఉంది. బడి చదువు ముగియగానే దాన్ని నడపాలని రెమీకి చిన్నప్పటి నుంచీ ఆశ. ఆ కన్ను పోతే ఇక విమానం ఇవ్వరు.

ఒరెస్ట్ జరిగిందంతా దాచకుండా చెప్పాడు. రెమీ కట్టు కట్టిన మొహం ఆ గొంతు వైపు తిప్పాడు.

"అంటే నా మీద కోపం లేదా నీకు?"

"లేదు."

"ఉంటే బాగుండేదిరా. నేనేదో అన్నానేమో, అందుకే కొట్టావేమో అని పడుకుని తెగ వెతుక్కుంటున్నా. ఏమీ లేదన్నమాట. ఎవడో తట్టాడని కొట్టావు. నువ్వసలు మనిషివేనా?"

ఒరెస్ట్ జీవితంలో జవాబు రాని మొదటి ప్రశ్న అదే. తలదించుకుని, పరీక్షలకు పాఠాలు చదివి వినిపిస్తానన్నాడు.

"ఎవరు పంపారు? మీ కోచా, పాదిరి గారా?"

"ఎవరూ పంపలేదు."

రెమీ నమ్మలేదు. అయినా జీవశాస్త్రం పుస్తకం సొరుగులో ఉందన్నాడు. ఆ రోజు నుంచి ఒరెస్ట్ బడి వదలగానే ట్రక్కు వేసుకుని వెళ్ళి చదివి వచ్చేవాడు. రెమీ వినేవాడు, మధ్యలో బూతులు తిట్టేవాడు, ఒక్కోసారి అటు తిరిగి పడుకునేవాడు. ఒరెస్ట్ చదవడం ఆపేవాడు కాదు.

ఆ కొట్లాటకు అతని మీద వేసిన కొన్ని ఆటల నిషేధం ఫైనల్‌కు ముందు ముగిసింది. ఫైనల్ రోజు మధ్యాహ్నం రింకు బయట కోచ్‌తో తాను ఆడనని చెప్పాడు.

"ఎవడు చెప్పాడురా ఆడొద్దని?"

"ఎవరూ చెప్పలేదు కోచ్. నాకే ఆడాలని లేదు."

కోచ్‌కు ఆ మాట అర్థం కాలేదు. టానర్‌కు అర్థం చేసుకునే ఓపికే లేదు. ట్రక్కు దగ్గర ఇంకో ఇద్దరితో అడ్డం పడ్డాడు.

"ఊరంతా మనమీద ఆశ పెట్టుకుంటే నువ్వు శత్రువు మంచం దగ్గర నర్సు పని చేస్తావా?" అని హాకీ కర్రతో మోకాలి మీద కొట్టాడు. ఒరెస్ట్ ఒరిగాడు. ఒకడు వెనక నుంచి పట్టుకుంటే ఇంకొకడు డొక్కలో గుద్దాడు. టానర్ అతని మూతి మీద గుద్దితే పన్ను విరిగి నాలుకకు గుచ్చుకుంది. ఆ ముగ్గుర్నీ కలిపి పడగొట్టగల బలం ఒరెస్ట్‌కుంది. చేతులు తమంతట తాము లేవబోయాయి. ట్రక్కు తలుపు పిడి పట్టుకుని వదల్లేదు. వాళ్ళు పడేసి తొక్కి, విసుగెత్తి ఆటకు పోయారు.

ఆస్పత్రిలో పుస్తకం తీసి మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు కాకుండానే రెమీ ఆపాడు.

"నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"పన్ను విరిగింది. ఆడనన్నానని టానర్ వాళ్ళు కొట్టారు."

"నువ్వెంతమందిని పడగొట్టావ్?"

"ఎవర్నీ కొట్టలేదు."

రెమీ చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఒరెస్ట్ మొహాన్ని పట్టుకుంది. వాచిన పెదవి దొరకగానే బొటనవేలితో గట్టిగా నొక్కాడు. నెత్తురు గడ్డం మీదకు కారింది. ఒరెస్ట్ కదల్లేదు.

"నొప్పెడుతోందా?"

"ఊఁ."

"నీది తగ్గిపోతుంది. నా కన్ను ఇక రాదంట. పొద్దున డాక్టర్ చెప్పాడు."

ఒరెస్ట్‌కు ఏడుపు ఆగలేదు. రెమీ చెయ్యి వెనక్కి తీసుకుని దుప్పటికి తుడుచుకున్నాడు.

"నేను నిన్ను క్షమించానని ఎక్కడన్నా అన్నావో, చంపుతా."

"అనను."

"ఇందాక చదివింది ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చదువు."

ఒరెస్ట్ నోట్లో నెత్తురు మింగి, మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదివాడు.