రోగులను చూచు వేళలు

మొన్న సంతోష్‌నగర్‌లో రక్తపరీక్షకు వెళితే, తలుపు మీద "చెప్పులు లేనివారు మాత్రమే లోనికి రావలెను" అని ఉంది. పక్కాయన నవ్వాడు. నేనూ నవ్వాను గాని, అంతలోనే మా మేనత్త గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల డెబ్భైల్లో అత్తామామలు కార్వాన్ బస్తీలో బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసేవాళ్లు. మామది ఉర్దూ చదువు, తెలుగు అక్షరం రాదు. అత్త ఐదో తరగతి దాకా తెలుగు చదివింది. పప్పు పొట్లం కాగితమైనా సరే, పైకి చదివితే తప్ప ఆమెకు తోచేది కాదు. "మా ఇంట్ల పండితురాలు" అని మామ వెక్కిరించేవాడు. లోపల మాత్రం గర్వమే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం గడ్డిమోపు దించుతూ మామ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అత్త రిక్షాలో దవాఖానాకు తీసుకెళ్లింది. వరండా గోడకు బోర్డు ఉంది: "రోగులను చూచు వేళలు: సాయంత్రం నాలుగు నుండి ఆరు వరకు."

"ఏం రాసిండ్రు?" అన్నాడు మామ, చెమటలు కారుతుంటే.

"నాలుగింటికి చూస్తరట. జర ఓపిక పట్టు."

ఎవరినైనా అడుగుతానని ఆమె లేస్తే మామే ఆపాడు. "రాసిపెట్టినంక మళ్ల అడుగుడేంది? తిడ్తరు." బెంచీ మీద పడుకుని కాసిని నీళ్లు తాగాడు. బర్రెలకు కుడితి పెట్టావా అని అడిగాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు.

నాలుగవుతుండగా టిఫిన్ డబ్బాలతో జనం రావడం మొదలైంది. అటుగా వచ్చిన ఆయా మామ చెయ్యి పట్టి చూసి కేకేసింది. "గిట్ల కూసున్నవేందమ్మా!" అత్త బోర్డు చూపించింది. "గా రాసింది చుట్టాలొచ్చి చూసే టైము. డాక్టర్ సాబ్ గా పక్క కమ్రాలనే ఉన్నడు!"

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది.

"చుట్టాలు అని ఒక్క మాట రాస్తే ఏం పోతుండె బిడ్డా?" అని అడిగింది అత్త. ఆయన బోర్డు వంక చూశాడు.

"అక్కా, నువ్వు తప్పు చదవలే. వాళ్లే సక్కగ రాయలే" అని మా నాన్న ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. చదవడమే మానేసింది. కానీ గల్లీలో ఎవరికి జబ్బు చేసినా వెంట వెళ్లేది. ఏ రాతా చూడకుండా, ఎవరు అరిచినా ఆగకుండా, పరదా తోసుకుని లోపలికి పోయి "డాక్టర్ సాబ్ ఏడున్నడు?" అని నిలదీసేది. కాలం దుఃఖాన్ని అరగదీస్తుందంటారు. ఆమెలో అరిగిపోయింది భయం ఒక్కటే.